నిదానపు ప్రశ్నలు

గ్రిమ్స్‌బీ రేవులో పొద్దున్న ఏడింటికి
చేపల వేలం మొదలు.
ఏడు దాటిన రెండో నిమిషానికి
మా వెబ్‌సైటుకి ఊపిరి బిగబట్టేస్తుంది.
తెర మీద చిన్న చక్రం తిరుగుతుంటే
మంచుముక్కల మీద హాడక్ చేప
తన ధర తేలక నోరు తెరుచుకుని ఉంటుంది.

"నీ డబ్బా మళ్ళీ నిద్రపోయింది, లవ్" అని
ఫోను చేస్తాడు డెనిస్.
అందరినీ లవ్ అనే పిలుస్తాడు.
ముప్ఫై ఏళ్ళు గొంతుతోనే వేలం పాడినవాడు.
'మళ్ళీ' దగ్గర కొంచెం ఆగుతాడు.
ఆ ఆగడం ఎన్ని మిల్లీసెకన్లో
అప్పటికి నా దగ్గర కొలత లేదు.

శుక్రవారం రాత్రి
చల్లారిన చిప్స్ పొట్లం పక్కన పెట్టుకుని
డాష్‌బోర్డు కట్టడానికి కూర్చున్నాను.
రేకుల కప్పు మీద సీగల్స్
ఎవరో అప్పు ఎగ్గొట్టినట్టు ఒకటే గోల.

ముందు నాడి: సెకనుకి ఎన్ని ప్రశ్నలు.
తర్వాత గుమ్మం: లోపలున్న కనెక్షన్లెన్ని,
బయట కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డవెన్ని.
ఏ తాళం ఎవరి మొలలో ఉంది,
దానికోసం ఎవరెవరు చేతులు కట్టుకున్నారు.
సగటుని మాత్రం దగ్గరికి రానివ్వలేదు.
సగటున మోకాలి లోతున్న ఏట్లోనే కదా
మనుషులు మునిగేది.
వందమందిలో తొంభై తొమ్మిదోవాడు
ఎంతసేపు పడిగాపులు పడ్డాడో
అదొక్కటే ఎర్రగా గీయించాను.
అన్నిటికీ పైన ఒక పట్టిక:
జవాబు ఆలస్యమయ్యే పది ప్రశ్నలు.

ఒంటిగంటకి గీతలు లేచి నిలబడ్డాయి.
ఇన్నేళ్ళూ ఎవరూ చూడకుండానే
ఇలా లేచి పడుతున్నాయన్నమాట.
చెప్పకుండా ఒకరి పడకగదిలోకి తొంగిచూసినట్టు
నాకెందుకో సిగ్గేసింది.

సోమవారం.
రబ్బరు బూట్లతోనే మెట్లెక్కి వచ్చి
నా కుర్చీ వెనక నిలబడ్డాడు డెనిస్.
ఏడు దాటి రెండు.
ఎర్రగీత తెర నెత్తికి తగిలింది.
పట్టిక మొదటి వరసలో
ప్రతి సెకనూ ప్రతి పెట్టెనీ తెరిచి
మొదట్నించీ లెక్కపెడుతున్న ప్రశ్న ఒకటి.
ఎవరిదా అని చూద్దును కదా,
నాదే. శుక్రవారం రాత్రిది.
కంచె వేశాననుకున్నాను,
చేను మేస్తోంది.

నవ్వలేదు డెనిస్. అదింకా కష్టంగా ఉంది.
సెకనుకోసారి కాదు, పావు నిమిషానికోసారి చాలని
దానికి బుద్ధి చెప్పాక
వెనక నక్కిన అసలుది బయటపడింది.

పాట పాడిన ప్రతిసారీ
పంతొమ్మిదేళ్ళ చిట్టాలు తిరగేసి
ఈ పడవ ఈ రేవుకి
మొదటిసారి ఎప్పుడొచ్చిందని అడుగుతోంది అది.
ఆ జవాబు ఏ పేజీలోనూ కనబడదు.
తీసేద్దామని మీట మీద వేలు పెట్టాను.

"అది నేనడిగిందే" అన్నాడు.
"లేడీ హిల్డా, తొంభై ఒకటి నుంచి మనతోనే, అని
పడవ పేరుతో పాటు ఏడు కూడా పాడేవాణ్ణి.
మర్యాద కదా.
మెషీను వచ్చాక దానికీ నేర్పమన్నాను.
నేర్చుకుందని నాకెవరూ చెప్పలేదు."

తియ్యలేదు.
పడవ పేరు మీద ఇండెక్సు ఒకటి కట్టి,
ఆ ఏడుని పడవ పక్కనే
చిన్న అక్షరాల్లో చూపించాను.

ఎర్రగీత నేలకి దిగింది.
ఏడుంపావు. ఆవలింత కూడా లేదు.
డెనిస్ మాత్రం కదలడు.
"నీళ్ళు మరీ ఇంత చదునుగా ఉంటే
మా నాన్న తాడు విప్పేవాడు కాదు, లవ్."

అతను వెళ్ళాక
బూట్ల కింద మిగిలిన మడుగు తుడిచి
ఇంకో హెచ్చరిక పెట్టాను:
అయిదు నిమిషాలు
ఏ అలా లేవకపోతే
నన్ను లేపమని.