గడ్డం కొంచెం పైకి

కూర్చో పాపా.
ఆ స్టూలుకు ఒక కాలు పొట్టి, కదలకు.
చెవులు రెండూ కనపడాల. గడ్డం కొంచెం పైకి.
నవ్వొద్దు.
లీలామహల్ సర్కిల్ పక్క ఈ అగ్గిపెట్టె గదిలో
ఇరవై ఆరేళ్ళుగా మనుషుల్ని నవ్వొద్దంటూ బతుకుతున్నా.

ఏ దేశం? మలేషియానా.
పాతదానికి ఇంకా నాలుగు నెలలుందా? చాలదు.
పోయే రోజుకు ప్రాణముంటే సరిపోదు పాస్‌పోర్టుకు,
ఆపైన ఆరునెలల ఆయుష్షు చూపించాల.
మనిషిని కూడా ఎవరూ అంత అడగరు.

ఇంటిపేరు పూర్తిగా రాసినావా?
మన ఊళ్ళో అది ఒక అక్షరం, ఒక చుక్క.
అక్కడ ఆ చుక్కను విప్పి చూపించమంటారు.

మా నాదముని, పూలంగడి నాదముని,
వీసా వస్తే గుండు చేయించుకుంటానని మొక్కినాడు.
వచ్చింది. చేయించుకున్నాడు, పోయే ముందురోజే.
కౌంటర్లో ఆఫీసరు ఫొటో చూస్తాడు,
తల చూస్తాడు, మళ్ళీ ఫొటో చూస్తాడు.
ఫొటోలో నేను నీళ్ళద్ది దువ్విన క్రాపు.
వీడు రెండు చేతులూ నెత్తిమీద పెట్టి
జుట్టు ఎట్లుండేదో చూపించినాడంట.
మొక్కు తిరిగొచ్చినాక తీర్చుకో తల్లీ.
వడ్డికాసులవాడు, ఆలస్యమైతే వడ్డీ పట్టుకుంటాడు గానీ
కోపం పట్టుకోడు.

ఇన్ని తెలిసినవాణ్ణి గదా, నా సంగతి విను.

ఈ ఊరికి లోకమంతా వస్తుంది.
నిన్నటి దర్శనం చీటీ పట్టుకుని ఈరోజు,
ఆధార్ కార్డు ఇంట్లో మంచంమీద మరిచిపోయి,
చెప్పులు యాడ విడిచినారో తెలీక ఎండలో గెంతుకుంటా.
జిరాక్సు తీసిస్తా విసుక్కునేవాణ్ణి:
అచ్చులో ఉంది గదయ్యా, చదువుకోలేదా?

నా టికెట్ మీదా అచ్చులోనే ఉంది.
శుక్రవారం. సున్నా గంటల ఇరవై నిమిషాలు.

మా అమ్మ లెక్కలో పొద్దు పొడిస్తేనే రోజు మారేది.
శుక్రవారం రాత్రంటే
తలంటుకుని, దీపం పెట్టి, అందరూ తిన్నాక వచ్చే రాత్రి.
ధనకోటి అట్లనే తలంటుకుంది, దీపం పెట్టింది,
పులిహోర మూటకట్టింది.
నిమ్మకాయ ఊరగాయ సీసా మూతకు మూడు చుట్లు గుడ్డ చుట్టింది.
అదీ పొరపాటే. నూనెకు చుట్లు లెక్కలేదు,
నా తెల్లచొక్కా ఇప్పటికీ సాక్ష్యం చెప్తుంది.

పుత్తూరు దాటి, నగరి దాటి
చెన్నై చేరేసరికి రాత్రి తొమ్మిది.
మూడుగంటల ముందే వచ్చేసినాం చూడు, అన్నా మీసం సవరించి.
గేటు కాడ జవాను టికెట్ చూసినాడు,
చేతి గడియారం చూసినాడు,
"సార్, ఇదు నేత్తు" అన్నాడు.
చిత్తూరు జిల్లావాళ్ళం, అరవం రాకపోతుందా.
అర్థం కాకుంటే బాగుండు అనిపించింది ఆ ఒక్కసారి.
ఇరవై గంటల కిందనే ఆ విమానం
మా రెండు ఖాళీ సీట్లనూ భద్రంగా
కౌలాలంపూర్ చేర్చింది.

బయట బల్లమీద కూర్చున్నాం, పెట్టెలు మోకాళ్ళకు ఆనించి.
తిడుతుందేమోనని నేను పార్కింగు దీపాలు లెక్కబెడుతున్నా.
ధనకోటి పులిహోర మూట విప్పింది,
ఒక ముద్ద తినింది,
"నిన్నటికి పోవల్సినోళ్ళం, రేపటికి వండుకొచ్చినాం" అని
నవ్వడం మొదలుపెట్టింది, పొలమారేదాకా.
ఫోను తీసి నొక్కినా.
గడ్డం కిందికి, కళ్ళు మూత,
తడి ఆరని జుట్టు చెవులమీద, పెదవి పక్కన పసుపు మెతుకు.
ఏ దేశానికీ చెల్లదు.
నీ తలపైన, గోడమీద, పెద్దది. అదే.

తెల్లారి పుత్తూరు మీదనే తిరిగొచ్చినాం.
విరిగిన చెయ్యికి ఆ ఊళ్ళో కట్టు కడతారు.
దొర్లిపోయిన రాత్రికి ఎవరూ కట్టలేరు.

సరే, కెమెరా వైపు చూడు.
నీ విమానం అర్ధరాత్రి దాటినాకనా?
అయితే తేదీకి ముందురోజు సాయంత్రమే ఇల్లు కదులు.
గడ్డం పైకి.
పాపా, నవ్వొద్దంటి గదా.

పోనీలే, ఇంకొకటి తీద్దాం.
ఇది నా దగ్గర ఉండనీ.