సెప్పు

కంపెనీ వాళ్ళు ఇచ్చినప్పుడు అది వట్టి నలుపు,
పలక కొన్న రోజు ఉండే నలుపు.
తెల్లటి అక్షరాలు. చివర ఒక డాలరు గుర్తు.
నా పేరూ, మెషీన్ పేరూ, ఎక్కడున్నానో ఆ దారీ
కలిసి సగం వరస తినేసేవి.

రుషికొండ మీద మూడో అంతస్తు, రాత్రి డ్యూటీ.
అలారం మోగనంతసేపూ కొందరు గోళ్ళు కొరుక్కుంటారు.
నేను సెట్టింగుల ఫైలు తెరిచాను.

మొదట నా పేరు తీసేశాను.
నేనెవరో నాకు తెలుసు,
తెలియని రాత్రి వస్తే అప్పుడు చూసుకుందాం.

తర్వాత నలుపు.
రంగుకి ఆరు గళ్ళు, ఒక్క గడి మారిస్తే మరో నలుపు.
మా వన్‌టౌన్ డాబా మీద ఆరేసిన దుప్పటికి
పోర్టు నుంచి ఎగిరొచ్చి పట్టే బొగ్గు పొడి ఉంటుందే,
వేలితో రాస్తే కొంచెం నీలం, కొంచెం బూడిద,
అది దొరికేసరికి రెండున్నర అయింది.
అమ్మ ఇరవై ఏళ్ళుగా తిట్టుకుంటూ దులుపుతున్న రంగుని
జీతమిచ్చే చోట కావాలని పరుచుకున్నాను.
కళ్ళకి హాయిగానే ఉంది.

ఎరుపు మాత్రం సరదాకి పెట్టింది కాదు.
పోయిన ఆషాఢంలో పైడినాయుడు
రెండు కిటికీలు పక్కపక్కన తెరిచి
టెస్టు మెషీన్ అనుకుని అసలు దాంట్లో
తుడిచెయ్ అని కొట్టాడు.
రెండూ ఒకే నలుపు మరి.
మంచినీళ్ళిస్తే తాగలేదు,
గ్లాసు పట్టుకునే కూర్చున్నాడు తెల్లారేదాకా.
అందుకే అసలు మెషీన్‌లో అడుగు పెడితే
నా వరస మొదలు ఎర్రబడుతుంది,
ఇనప రాయి వ్యాగన్లు పోయాక
పట్టాల పక్క గడ్డిలా.
చూడగానే చేతులు కీబోర్డు మీంచి ఒక్క అంగుళం లేస్తాయి.
అంతే చాలు.

ఇక డాలరు.
అదెందుకక్కడ? నేనేం కొనబోతున్నాను?
నన్ను అడిగే చోటు కదా అది,
అడిగేదేదో మనవాళ్ళలా అడగాలి.
హార్బర్లో రొయ్యలు ఒలిచే తడి చేతులు పైకెత్తి
మోచేత్తో ఫోను నొక్కి, అమ్మ
హలో అనదు.
సెప్పు, అంటుంది.

పెట్టాను. కుదరలేదు.
అక్కడ ప్రతి అక్షరానికీ ఒకటే గది, ఒకటే కొలత.
మన వత్తు పట్టక పక్కింట్లోకి కాలు చాపింది,
కొమ్ము పోయి కర్సర్ మీద పడింది.
ఏడో ఎనిమిదో ఫాంట్లు మార్చాను.
ఒకదాంట్లో వత్తే లేదు, ఒకదాంట్లో అన్నీ డబ్బాలు.
చివరికి మాట తర్వాత రెండు ఖాళీలు వదిలితే
సర్దుకుంది, కిక్కిరిసిన బస్సులో ఎవరో దిగినట్టు.

హైమవతి చూసి, స్పెల్లింగు తప్పు, "చె" కదా అంది.
మా ఇంట్లో ఇదే ఒప్పు, అన్నాను.
అయితే కాళ్ళకేసుకునేదా, అని నవ్వింది.
నేనూ నవ్వాను.
మార్చలేదు.

మొన్న గాలివాన రాత్రి లింకులన్నీ పడిపోయాయి.
కాల్‌లో హైదరాబాద్ నుంచి పదకొండు మంది,
నా తెర అందరికీ కనపడుతోంది:
ఎర్ర మొదలు, బొగ్గు నలుపు,
చివర ఆ మాట.
ఎవరో పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.
ఏమిటమ్మా అది, అంటాడనుకున్నాను.
అనలేదు. మెల్లగా చదివాడు.
"సెప్పు."
ఆ "స" దగ్గర అతని నాలుక ఎక్కడా తడబడలేదు.
ఏ ఊరని నేనడగలేదు.

కర్సర్ వెలిగి ఆరుతోంది.
కిటికీ అద్దానికి ఉప్పు వాన కొడుతోంది.
చేతులు ఒక్క అంగుళం పైన ఉంచి
ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను.