తిన్నగా

భాద్రపదం వానలో
బూర్జ దాటిన కల్వర్టు దగ్గర
నీళ్లు నిండిన గొయ్యి అచ్చం రోడ్డులాగే కనిపించింది.
ఎడమ చక్రం దిగింది. ఒక్కటే చప్పుడు.
వెనక సీట్లో టీచర్ల టిఫిను క్యారేజీలన్నీ
ఒక్కసారే ఓలమ్మా అన్నాయి.

ఆ రోజునుంచీ కారుకి ఎడమంటే మోజు.
వదిలితే చాలు, కాలవగట్టుకేసి పోతానంటుంది.
తిన్నగా పోవాలంటే
స్టీరింగు మీది గుర్తు పన్నెండు వదిలి
ఒంటిగంటకేసి వాలాలి.

శ్రీకాకుళంలో మూడు షాపులు తిరిగాను.
మూడుచోట్లా కంప్యూటరు పచ్చగీతలు చూపించింది,
కాగితం ఇచ్చింది, డబ్బు తీసుకుంది.
కాగితం మీద బుద్ధిగా ఉన్న బండి
రోడ్డెక్కగానే మళ్లీ మొదటికే.
ఎడమ టైరు బయటంచు
గుండు కొట్టించుకున్నట్టు అరిగిపోయింది.

"చక్రాల్ని తిట్టకు బావూ" అన్నాడు దాలినాయుడు,
ఆమదాలవలస గేటు అవతల రేకులషెడ్డులో
కారు కింద వెల్లకిలా పడుకుని.
"ఇటు సూడు. ఒకటి బయటికి వాలింది, రెండోది లోనికి,
గాలికి వరిసేను ఒక్కదిక్కే ఒరిగినట్టు.
రెండూ కూడబలుక్కుని తప్పితే తప్పు ఆటిది కాదు.
కింద మంచమే జరిగిపోయింది.
కోడు పక్కకెల్లిన మంచం మీద
దుప్పటి ఎంత సర్దితే ఏటి లాభం?"

సబ్‌ఫ్రేమ్ అనే మాట అతను ఒక్కసారే అన్నాడు,
అదీ బిల్లు రాసేటప్పుడు.

తాపీమేస్త్రీ తూకం గుండొకటి వేలాడదీశాడు.
బోల్టుల కింద నేల మీద నాలుగు సుద్దచుక్కలు.
పాలిటెక్నిక్ చదివే కూతురు నీలవేణి
మూల నుంచి మూలకి దారం పట్టి కొలిచింది.
"తొమ్మిది మిల్లీమీటర్లు నాన్నా."

తొమ్మిది.
నా చిటికెనగోరంత.
దానికోసం ఆర్నెల్లు
పాలకొండ దాకా రోజూ మెలితిరిగి కూర్చున్నాను.

బోల్టులు వదులు చేశాడు, తియ్యలేదు.
"ఒగ్గేత్తే పడిపోద్ది. బిగించేత్తే కదల్దు."
కన్నంలో కడ్డీ గుచ్చి
నిద్రలో ఉన్న పిల్లని ఒత్తిగిలించినట్టు
జరిపాడు.
టక్.
చుక్క మీద గుండు నిలిచింది.
టార్క్ రెంచి నాలుగుసార్లు క్లిక్కుమన్నాకే
నీలవేణి ఊపిరి వదిలింది.

ఆ తర్వాతే పక్కషాపు మిషను ఎక్కించాడు.
స్టీరింగుని నడిమికి కట్టేసి,
కింద రాడ్లు పావుచుట్టు, మళ్లీ వెనక్కి అరపావు.
"ఇప్పుడీ పచ్చగీత నిజం."

ఎచ్చెర్ల దగ్గర హైవే ఎక్కి చేతులు వదిలాను.
ఏడు లెక్కపెట్టేదాకా
తెల్లగీత పక్కనే, చాలు తప్పని ఎద్దులా నడిచింది.
మళ్లీ చేతులు వేశాను.
కుడికి పోయింది.

కంగారుగా ఫోను చేస్తే దాలినాయుడు నవ్వాడు.
"కారు కాదు బావూ. అది నువ్వు."

సోమవారం నుంచీ వరహాలమ్మ టీచరు
అద్దంలో నన్ను చూసి, దిద్దే కాగితాల మీంచి తల ఎత్తకుండానే
"భుజం" అంటుంది.
దించుతాను.
బూర్జ కల్వర్టు దగ్గర గొయ్యి పూడ్చేశారు.
అయినా అక్కడికి వచ్చేసరికి
అదంతట అదే లేస్తుంది.