నాలుగంతలు

"పోయిన వారం ఏం చెప్పాను?"
అని అడిగాడు అయ్యగారు.
ఫ్యాను చప్పుడు.
హైవే మీద నెల్లూరు వైపు పోయే లారీ ఒకటి
మా అందరి తరఫునా హారను కొట్టింది.

చాపల మీద ముప్పైమందిమి.
తలంటుకుని, నూనె రాసి, జడ బిగించి వచ్చినా
జుట్టులోంచి పొగాకు ఘాటు పోదు.
ఆరు రోజులు టంగుటూరు కంపెనీలో ఆకు ఏరి
ఏడో రోజు కాళ్ళు ముడుచుకు కూర్చున్నవాళ్ళం.
దీవెనమ్మత్త గోడకానుకుని కునుకుతా ఉంది.
ఆమెను ఎవరూ లేపరు.
కోడలి గొంతు వినపడని గంటన్నర
ఆమెకు వారానికి ఇదొక్కటే.

నన్ను పేరు పెట్టి అడిగితే చెప్పేదాన్నే.
పోయిన వారానిది కాదయ్యా, ఆ ముందు వారానిది.
ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నా
నాలుగంతలు తిరిగిస్తానని
ఎవరో ఒకడు లేచి నిలబడి అన్నాడని చెప్పారు మీరు.
అక్కడిదాకే విన్నాను.
ఆ తర్వాత మీరు ఏ కొండ ఎక్కారో, ఏ నది దాటారో
నాకు తెలియదు.
నేను లెక్కలో పడిపోయాను.

సంగతేమంటే,
ఆ శుక్రవారం కాటా దగ్గర గుమాస్తా కుర్రాడు
సెల్లు చూసుకుంటా రాశాడు.
అంకమ్మ గంప నా పేరు కింద పడింది.
అరవై రూపాయలు.
చూశాను.
చూసి, కొంగు సర్దుకున్నాను.
అంకమ్మకు చదువు రాదు. నేను ఐదు దాకా చదివాను.
ఆ ఐదు తరగతులూ
ఇన్నాళ్ళకు అట్లా అక్కరకొచ్చాయి.

అరవై నాలుగులు రెండొందల నలభై.
రెండొందల నలభై అంటే
నూనె ప్యాకెట్టు, చిన్నోడి నోటుపుస్తకాలు,
ఇంకా చిల్లర.
మీరు కళ్ళు మూసుకుని ప్రార్థిస్తా ఉంటే
నేను వేళ్ళు మడిచి మళ్ళీ మళ్ళీ కూడుతున్నాను,
ఎక్కడన్నా తగ్గుతుందేమోనని.
నా పెదాలు కదలడం చూసి
పక్కనున్న రాహేలు నా భుజం నిమిరింది,
నాకేదో ఆత్మావేశం వచ్చిందనుకుని.

మీ మాట ఆకుదుమ్ము లాంటిది అయ్యగారూ.
ఏరేటప్పుడు తెలియదు.
రాత్రి పడుకున్నాక దగ్గొస్తుంది.

ఒక్కసారే ఇచ్చేద్దామంటే నోరు రాలేదు.
ఎందుకిస్తున్నావంటే చెప్పాలి.
అందుకని సోమవారం టీ, రెండు వడలు.
బుధవారం మూరెడు మల్లెలు.
ఆటోలో ఆమె చిల్లర తీసేలోపు
నేనే ఇద్దరికీ ఇచ్చేశాను.
అంకమ్మ నన్ను కిందికీ మీదికీ చూసింది.
"ఏందే ఎలీసమ్మా, కొత్తగా ఈ ప్రేమ?
నన్ను మీ చర్చిలో కలపాలని చూస్తన్నావా?
మా వల్లూరమ్మ ఊరుకోదు, ముందే చెప్తన్నా."
"కాదులే, తాగు, చల్లారిపోతది" అన్నాను.
ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇప్పటికి నూట నలభై చేరింది.
ఇంకా వంద.
కానీ అయ్యా,
ఆమె తాగింది టీ అనుకుంటా ఉంది.
నేను తీర్చింది బాకీ అనుకుంటా ఉన్నాను.
ఆమెకు తెలియకుండా తీరితే అది తీరినట్టేనా?
దీని గురించి మీరు చెప్పలేదు.
చెప్పే ఉంటారు కూడా,
నేను లెక్కలో ఉండి వినలేదేమో.

"ఒక్కరికీ గుర్తు లేదా?" అన్నాడు అయ్యగారు మళ్ళీ.
దీవెనమ్మత్త ఉలిక్కిపడి లేచి
"ఆమేన్" అంది గట్టిగా.
పిల్లలు నవ్వారు. అయ్యగారూ నవ్వాడు.
అడిగినదానికి అదే జవాబు అన్నట్టు
కళ్ళజోడు తుడుచుకుని కొత్త సంగతి ఎత్తుకున్నాడు.

కానుకల సంచి నా దాకా వచ్చింది.
కొంగుముడి విప్పి పది నోటు తీశాను.
సంచి నోటి దాకా పోయి
చెయ్యి ఆగింది.
ఇది అంకమ్మది.
సంచిని రాహేలు వైపు జరిపాను.
ఆమె ఈసారి నా భుజం నిమరలేదు.