యాభై గ్రాముల రాయి

అయిదు కేజీల రాయి మీద
ఈ మధ్య పిల్లి పడుకుంటోంది.
రెండు కేజీలది తలుపుకి అడ్డం పెట్టాను,
కాలవ గట్టు గాలికి కొట్టుకోకుండా.
పొద్దస్తమానం పనిచేసేది
యాభై గ్రాముల ఇత్తడి బిళ్ళ ఒక్కటే.
చెయ్యి తగిలి తగిలి మెరుస్తోంది.
ఆ మెరుపు బాగుందనుకున్నాను, అప్పటికి.

నరసాపురం కాలవ, లాకుల పక్కన కొట్టు.
ముప్ఫై ఏళ్ళుగా పొట్లాలు కడుతున్నాను.
ఎవరింట్లో ఏం ఉడుకుతోందో
పొయ్యి దగ్గరికెళ్ళి చూడక్కర్లేదు నాకు.
కేజీ కందిపప్పు ఇల్లు అరకేజీ అయింది,
అరకేజీ ఇల్లు పావు,
పావు ఇల్లు,
"ఓ యాభై ఇవ్వండి, సొరకాయుంది,
కలిపి ఉడకేసేత్తాను" అంటోంది.
ఉల్లిపాయలు తూకం వదిలి లెక్కలోకొచ్చాయి.
మూడు. చిన్నవి చూసి.

లస్కరు పని చేసి దిగిపోయిన పైడయ్య గారు
బల్ల మీద కూర్చుని ధరల పలక చదువుతారు.
"ఏటండీ ఇది! గోదారొస్తే
ధవళేశ్వరం కాడ ఒకటో హెచ్చరిక, రెండో హెచ్చరిక,
మూడోది పెట్టేలోగా లంకలోళ్ళు
కోళ్ళతో సహా గట్టెక్కేస్తారు.
నూనె మాత్రం చెప్పాపెట్టకుండా
గడప దాటేసిందండి."
కాఫీ పొడి సాచెట్ ఒకటి కొని
వెలుతురుకి పెట్టి చూసుకుంటారు.
"రెండు పూటలొస్తదిలెండి."

బిస్కెట్ పేకెట్టు ధర పెరగలేదు.
అదే అయిదు రూపాయలు.
లోపల రెండు తగ్గాయని
పెద్దోళ్ళకంటే ముందు పిల్లలే పట్టేశారు.
పంచుకునేది వాళ్ళే కదా.

కాలవకి అటు వరి, ఇటు రొయ్యల చెరువులు,
మధ్యన కొబ్బరి.
రాత్రంతా లారీలు వెళ్తూనే ఉంటాయి.
ఆ చెరువు గట్టునే కాపలా కాసి
పొద్దున్నే వచ్చే సత్తిపండు
ఇరవై రూపాయల ఎండు నెత్తళ్ళు అడుగుతాడు.

లేసు అల్లే మార్తమ్మ చింతపండు మానేసింది.
"మావిడి ఒరుగులున్నాయండి,
అయ్యయ్యేదాకా గడిపేద్దాం."
అయ్యాక ఏంటని నేనడగలేదు.
ఏజెంటు డబ్బులింకా ఇయ్యలేదని
పసుపు మరక పడి తిరిగొచ్చిన లేసు ముక్కొకటి
బాకీ కింద ఉంచమంది.
గల్లాపెట్టెలో పరిచాను.
రూపాయి బిళ్ళలు దాంట్లో ఇరుక్కుంటున్నాయి.
అన్నీ కన్నాలే. దారం నడిచింది
వాటి చుట్టూతానే.
చూస్తూ కూర్చుంటే
ఆవిడ నెల గడిపే తీరూ ఇదేననిపించింది.

పలక మీద అంకె మార్చేది నేనే కాబట్టి
తిట్లు నాకే. తప్పదు.
మా సూర్యావతి మాత్రం సాయంత్రం ఓ మాటే అడుగుతుంది:
"ఇవాళ ఏది అమ్ముడవలేదు?"
ఏది మిగిలితే అదే కూర.
మంగళవారం ముదిరిన బెండకాయల పులుసు.
పీచు పళ్ళల్లో ఇరుక్కుంటే
ఇద్దరం నవ్వుకున్నాం.

మొన్న తూనికలాయన వచ్చాడు.
రాళ్ళన్నీ తన కాటాలో పెట్టి
పెద్దవి సరే అన్నాడు.
యాభైది రెండోసారి పెట్టి చూశాడు.
"అరిగిపోయిందయ్యా. గ్రాము తక్కువుంది. మార్చు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
కేజీ కొన్నవాడికి కేజీ వెళ్ళింది.
యాభై కొన్నవాళ్ళ దగ్గరే
చిటికెడు చిటికెడు ఉంచేసుకున్నాను,
తెలీకుండా.
మార్తమ్మ పప్పులో ఎన్ని బద్దలు?
పైడయ్య గారి పంచదారలో ఎన్ని పలుకులు?
ఖాతా పుస్తకం తెరిచాను.
నేను ఇవ్వాల్సింది రాయడానికి
అందులో గడే లేదు.

కొత్త రాయి తెచ్చాను.
చేతికింకా అలవాటు కాలేదు.
ముల్లు నిలబడ్డాక
వేళ్ళతో ఇంకాస్త వేస్తున్నాను,
మా నాన్న రోజుల్లో కొసరంటే ఇదే.
"ఏటండోయ్, చెయ్యి జారిందా?" అంది మార్తమ్మ.
ఆయ్, జారిందమ్మా అన్నాను.
ఆవిడ పొట్లాన్ని అరచేతిలో ఓసారి ఎగరేసి,
నా మొహం వంక చూసి,
ఏమీ అనకుండా గట్టు దిగిపోయింది.