పది కల్లు

నగరిలో మా బడి గోడకవతల
మరమగ్గాలు రోజంతా మాట్లాడుతుంటాయి.
వాటికంటే గట్టిగా మాట్లాడటం నా మొదటి ఉద్యోగం.
రెండోది,
పాఠ్యపుస్తకంలో ఎడమ పేజీ ఇంగ్లీషుకీ కుడి పేజీ తెలుగుకీ నడుమ
కుట్టు పడినచోట నిలబడటం.
ఆ రెండు పేజీల్లోనూ లేని భాషలో
నా ముందు బెంచీకి ఆకలేస్తుంది.

మూడో తరగతి, లెక్కల గంట.
ఎంచడానికి ఏవైనా పది తెమ్మన్నాను.
చింతగింజలు తెచ్చినారు, సోడామూతలు తెచ్చినారు,
హేమాద్రి వాళ్ళ నాయన దారం కండెలు తెచ్చినాడు.
ఆ పిల్ల మాత్రం గౌను ఒడి పట్టుకుని లేచి
"పది కల్లు తెచ్చినా టీచర్" అనింది.

"కల్లంట! తాగొచ్చిందంట!"
కాసేపు మగ్గాల మోత కూడా వినబడలేదు.
ఒడిలోంచి ఒక్కొక్కటే జారిపడినాయి
కుశస్థలి ఏట్లో ఏరిన గులకరాళ్ళు.

దాచుకుందామనుకున్నా గానీ, చెప్పాల:
ముందు నేనూ నవ్వినాను.
తర్వాతే టీచర్నయినాను.

"హేమాద్రీ, మీ అమ్మ కారం నూరేది దేనిమీదరా?"
"సన్నెకల్లు మీద."
"పులుసులో వేసేది?"
"ఉప్పుకల్లు."
"మరి వాటిల్లో కల్లు ఎవరు పోసినారు?"
వాడు ఆ మాటను నోట్లో అటూ ఇటూ దొర్లించుకున్నాడు,
పంటికింద రాయి తగిలినట్టు.

బోర్డు మీద రాసినాను: రాయి, కల్లు, స్టోన్.
బల్లమీద ఉండేది ఒకటే గులకరాయి.
దీన్ని లెసన్‌ప్లాన్‌లో ఏ గడిలో నింపాలో
ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం హాజరుపట్టీ తీసినాను.
పాత సారు ఇంగ్లీషు చూసి యాజిని అనేవాడు,
నేను తెలుగులో యాలిని అని రాసుకున్నాను.
జూన్ నుంచీ పట్టీలో రోజూ వచ్చిన పిల్ల
పిలుపులో ఒక్కరోజూ రాలేదు.
అసలు పేరు ఇక్కడ రాయలేను,
అందులో అక్షరమొకటి మన ఓనమాల్లో లేదు.
ఒకప్పుడు మన రాతిశాసనాల్లో ఉండేదంట.

వాళ్ళమ్మ మగ్గం ఆపి, చేతులు తుడుచుకుని
నాలుక ఎట్లా మడవాలో నోరు తెరిచి చూపించింది.
బస్సులో పుత్తూరు దాకా నేర్చుకున్నాను.
"పన్ను నొప్పామ్మా?" అన్నాడు పక్కసీటు పెద్దాయన.
పుత్తూరులో విరిగిన ఎముకకు కట్టు కడతారు,
నలభై మూడేళ్ళ నాలుక్కి లేదు.

పొద్దున పేరు పిలిచినాను.
సరిగ్గా రాలేదు.
ఆ పిల్ల చేతులు కట్టుకుని,
అచ్చం నేననే తీరులోనే,
"ఇంకొకసారి చెప్పండి" అనింది.