నాలుగు పలకల కిటికీ

మా నాన్న టమాటా నారు మీద బోర్లించిన కిటికీ
ఏ ఒక్క ఇంటిదీ కాదు.
పదిహేడు ఇళ్ళది.

ట్వీడ్ నదికి అటూ ఇటూ
పాలేరు కొంపంటే నాలుగు రాతిగోడలు, పైన గడ్డి.
కిటికీ ఉండాల్సిన చోట ఒక కన్నం.
పొయ్యి ఉండాల్సిన చోట పాత మసి.
కిటికీ నువ్వే తెచ్చుకో, పొయ్యి ఇనుము నువ్వే తెచ్చుకో,
ఏడాది తిరగ్గానే ఊడదీసుకుని పో.

నాన్నకి ముత్తవ్వ, యూఫీమియా పర్విస్.
పదహారేళ్ళకి కూలికి కుదిరింది.
కుదిరిందనడం తప్పు, జతపడింది.
పాలేరుగా చేరాలంటే మగవాడు
తన వెంట ఒక ఆడకూలీని తేవాలని షరతు,
గుర్రంతో పాటు కళ్ళెం అన్నట్టు.
రోజుకి పది పెన్నీలు, ఓట్ల జావ, అటక మీద పడక.
ఆ అటక కింద పడుకునేవాడు
యజమాని అన్నకొడుకు గిడియన్ టెయిట్.
ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఇంతకంటే చెప్పరు.

జనవరిలో టర్నిప్ దుంపలు
మంచుతో నేలకి అతుక్కుపోతాయి.
కాళ్ళకి గడ్డితాళ్ళు చుట్టుకుని
వంగి పీకాలి, కత్తితో ఆకు కొయ్యాలి.
కోసింది ఆకునో వేలునో
సాయంత్రం పొయ్యి దగ్గర
వేళ్ళు మేలుకుంటే గాని తెలిసేది కాదట.

చర్చి పుస్తకాల్లో వెతుక్కుంటూ పోయాను.
తొమ్మిదిమంది పిల్లలు, తొమ్మిది ఊళ్ళు.
లింటన్‌లో ఒకడు, యెథమ్‌లో ఒకతె,
మోర్‌బాటిల్, కిర్క్‌న్యూటన్,
ఒకడికి సరిహద్దు దాటి ఇంగ్లాండులో నీళ్ళు చల్లారు.
ఏ దేశదిమ్మరులో అనుకున్నాను మొదట.
తర్వాత తెలిసింది, మార్చి సంతలో నిలబడేవాళ్ళని,
రైతు అరచేతిలో షిల్లింగు సంచకరువు పెడితే
ఆ ఏడాది బతుకు అతనిదని.

మే పన్నెండున బండి వచ్చేది.
మంచప్పెట్టె, గడియారం, కోళ్ళగంప,
గోనెలో పందిపిల్ల.
అన్నిటి పైన యూఫీమియా.
చంటిదాన్ని పెద్దకూతురికిచ్చి
కిటికీని ఒళ్ళో పెట్టుకునేది.
"బిడ్డ పడితే ఏడుస్తుంది,
ఇది పడితే పగుల్తుంది" అనేదట.

అరవైతొమ్మిది ఏప్రిల్‌లో ఆగ్నెస్ పోయింది.
గొంతువాపు. మూడేళ్ళ మూడు నెలలు.
స్ప్రౌస్టన్ చర్చి వెనక పెట్టారు.
మే పన్నెండుకి ఇంకా మట్టి కుంగలేదు.
బండివాడు దగ్గరిదారి పట్టాడు.
ఆమె ఏమీ అనలేదు, బండి దిగింది,
కిటికీ చంకలో పెట్టుకుని
రెండోదారిన నడవసాగింది.
గిడియన్ పగ్గం పట్టుకుని గుర్రాన్ని తిప్పాడు.
బండివాడు తిట్టుకుంటూనే ఉన్నాడు, గంట ఆలస్యమని.
చర్చి గోడ దగ్గర ఆగి
కిటికీని ముఖానికి ఎదురుగా ఎత్తిపట్టుకుని
లోపలికి చూసిందట కాసేపు,
తన ఇంట్లోంచి చూసినట్టు.

ఇది మా నాయనమ్మ మాట.
ఆవిడ కథలు కొంచెం సాగదీసే మనిషి.
నేను మాత్రం దీన్ని సరిదిద్దను.

డెబ్బై ఒకటి జనాభా లెక్కల్లో
గిడియన్ పేరు పక్కన: వ్యవసాయ కూలీ.
ఆమె పేరు పక్కన గడి ఖాళీ.
ఏప్రిల్ నెల అది. బంగాళాదుంపలు నాటే నెల.
ఆమె వీపు అప్పుడు ఏ చాళ్ళో వంగి ఉందో
గుమాస్తా అడగలేదు.

మూడో పలక నాన్న వేయించిందే.
పాత పుట్టీ రెండోదాని మూలన మిగిలింది, రాయిలా.
అందులో బొటనవేలి గుర్తు ఉంది.
ఆమెదో, గిడియన్‌దో, పిల్లల్లో ఎవరిదో.
నా వేలు పెట్టి చూశాను.
సరిపోలేదు, నాది చిన్నది.

ఇవాళ పొద్దున ఆవిరి పట్టి
నారు కనబడలేదు.
కోటు చేతితో తుడిచాను, పోలేదు.
ఆవిరి అవతలి వైపు ఉంది.